పడవకు కళాయి

ఉపన్యాసకులు ఏదైనా వ్రాయునపుడు "నేను" అనుటకు సంకోచించి "మేము" అనడం ఒక అలవాటు. ఈ వ్యాసంలో ఆ మాటను మేము కేవలం అలవాటు కొద్దీ వాడలేదు. ఇందులో మాతోపాటు మా నాన్నగారు కూడ ఉన్నారు. కొన్నిచోట్ల మాకంటె వారే ముందున్నారు. కనుక పాఠకులు ఈ బహువచనాన్ని గౌరవార్థకముగా గాక, సంఖ్యను తెలుపునదిగానే గ్రహింపగలరని మనవి.

ఈ విద్యాసంవత్సరారంభంలో మన కళాశాల విద్యార్థి ఒకడు ఉపకార వేతనపు దరఖాస్తు చేతబట్టుకొని మా గదికి వచ్చినాడు. అన్ని గడులూ నిండినవి. "తండ్రి వృత్తి" అన్న గడి మాత్రం ఖాళీగా ఉన్నది. మీ నాన్నగారు ఏమి చేస్తారని అడిగినాము. కొంతసేపు నేలచూపులు చూచి, "వ్యాపారమని వ్రాయమంటారా సార్?" అన్నాడు. ఆ మాట మాకు గుచ్చుకొన్నది. అతనిమీది కోపముచేత కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. తెలుగులో చేరిననాడు అదే గడిలో మేమును "వ్యాపారము" అనియే వ్రాసియున్నాము.

మా ఇల్లు గోల్నాకలో, మూసీనదికి అంత దూరము కాని ఒక సందులో ఉండేది. మా నాన్నగారి వృత్తి ఇత్తడి, రాగి పాత్రలకు కళాయి వేయడం. "ఖల్‌ఈ" అను అరబ్బీ మాటకు తగరమని అర్థం. ఉర్దూలో అది "కలయ్" అయినది, తెలుగులో "కళాయి" అయినది. ఒక్క మాట మూడు భాషల వారి వంట ఇండ్లలో తిరిగి వచ్చినదన్న మాట. రాగి పాత్రలో చింతపండు పులుసు కాచినచో కిలుము పుట్టును. అది తినినవారికి వాంతులు పట్టుకొనును. ఆ పులుపునకు, ఆ లోహమునకు మధ్య తగరపు పొర ఒకటి అడ్డు నిలుపుటయే కళాయి వాని పని.

అంబర్‌పేట, బాగ్ అంబర్‌పేట వీధులలో "కళాయి సాయబూ" అని ఇల్లాండ్రు పిలిచేవారు. నాన్నగారు చెట్టు క్రింద చిన్న గుంట త్రవ్వి, బొగ్గు పోసి, తిత్తిని అమర్చేవారు. ముందుగా పాత్రలో ఇసుకయు బూడిదయు వేసి, గోనెపట్టా పరచి, దానిమీద నిలబడి, నడుమును ఇటు అటు త్రిప్పుచు కాళ్ళతో రుద్దేవారు. తరువాత పాత్రను నిప్పుపై కాల్చి, నవసాగరం పొడి చల్లేవారు. తెల్లని పొగ లేచేది. ఆ క్షణంలోనే తగరపు కడ్డీని అంటించి, దూది ఉండతో లోపల అంతట తిప్పేవారు. నల్లని కడుపు వెన్నెలవలె తెల్లబడేది. చిన్ననాడు అది మాకు ఇంద్రజాలముగా తోచేది. డిగ్రీలో చేరిన పిమ్మట, తోటివారు చూచెదరేమో అని, ఆ చెట్టున్న వీధిని తప్పించి మరొక సందుగుండా నడిచేవారము. ఈ మాట వ్రాయుటకు ఇప్పుడును సిగ్గుగా ఉన్నది.

నాన్నగారికి ఒక లోహమంటే గిట్టేది కాదు. అది అల్యూమినియం. మన ఇండ్లలో దానిని "సిల్వర్ గిన్నె" అందుము గాని, అందులో వెండి రవ్వంతయు లేదు. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఎర్‌స్టెడ్ 1825లో మొదటిసారి దానిని విడదీసినాడు. అప్పుడది అరుదైన వస్తువు. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో హెరో అను ఇద్దరు యువకులు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండగనే, విద్యుత్తుతో దానిని చౌకగా తీయు ఉపాయమును కనుగొన్నారు. ఇద్దరును 1863లో పుట్టినవారే. మన పట్టభద్రుల వయస్సువారన్న మాట. వారి విజయఫలము కాలక్రమమున గోల్నాక సందులలోనికిని వచ్చినది. ముందు సిల్వరు గిన్నె, దాని వెంట స్టీలు గిన్నె వచ్చి, రాగిని అటకెక్కించినవి. ఈ రెంటికిని కళాయి అక్కరలేదు. నాన్నగారికి ఇక పెండ్లి వంటల డేగులు మాత్రమే మిగిలినవి.

2011వ సంవత్సరపు వేసవి. తెలంగాణ ఉద్యమము ముమ్మరముగా సాగుచున్న కాలమది. మార్చి 10న ట్యాంక్ బండ్ మీద మిలియన్ మార్చ్ జరిగినది. మా చదువులును, మా రోజులును ఆ అలజడి నడుమనే సాగుచుండెను. అట్టి రోజులలో పరీక్ష రుసుమునకును, భోజనశాల బకాయికిని కలిపి రెండు వేల రూపాయలు మాకు కావలసివచ్చినవి. ఇంటిలో అడుగుటకు మనసొప్పలేదు. తార్నాకలో గది తీసుకొని ఉన్న మిత్రుడొకడు హుస్సేన్ సాగర్ ఒడ్డున ఒక ప్రైవేటు యజమాని పడవను కడిగే పని ఉన్నదని చెప్పినాడు.

అది మామూలు పడవ కాదు, పాంటూన్ పడవ. నిలువునా మూసివేసిన రెండు పొడవాటి గొట్టములు, వాటిమీద చదునైన పలక, చుట్టును కటకటాలు. ఇంతే దాని నిర్మాణము. కుంభమేళాలో గంగమీద వేయు పీపాల వంతెన చూచినవారికి సూత్రము తెలియును. పీపాలో గాలి ఉన్నంతవరకు పైన మనిషి ఉండును. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో 1950ల ఆరంభంలో ఒక రైతు ఇనుప పీపాలపై చెక్క పలకను బిగించి సరస్సులో తేల్చినాడు. ఆ ఆలోచనయే పెరిగి నేటి అల్యూమినియం గొట్టముల పడవ అయినది. ఇబ్రహీం కుతుబ్ షా కాలమున, 1560లలో, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో త్రవ్వించిన చెరువులో ఇరవై ఒకటవ శతాబ్దపు ఆ పడవ తిరుగుచుండెను. చెరువు పాతది, పడవ కొత్తది. మురికి మాత్రము మన నగరముది. నాలాల నీటిలో నెలలకొలది నిలిచి, గొట్టములకు పచ్చని పాచి, దానిక్రింద సున్నపు పొక్కులు, వాటిక్రింద బూడిద రంగు మచ్చలు పేరుకొన్నవి. పడవను ఒడ్డుకు లాగి దిమ్మెలమీద ఎత్తి ఉంచినారు. నాలుగు దినములలో అద్దమువలె మెరవవలెను; ఐదవనాడు అతిథులు ఎక్కెదరు.

అక్కడి మేస్త్రి మాకొక డబ్బా ఇచ్చినాడు. స్నానపు గదులు కడుగు ఆసిడ్ అది. ఒక ఉక్కుపీచును కూడ ఇచ్చినాడు. మేము పైనుంచి క్రిందికి పోసినాము. బుసబుస నురుగు లేచినది. పాచి ఊడినది, గొట్టము తళుక్కుమన్నది. ఇంత సులభమా అని సంతోషించినాము. ఎండ ఎక్కిన తరువాత చూడగా, ఆసిడ్ జారిన చోటనెల్ల తెల్లని చారలు, బొల్లి మచ్చలవలె పడియున్నవి. ఎంత రుద్దినను పోవు. సాయంకాలమునకు మా కుడి అరచేయి పొక్కి, వ్రేళ్ళు ముడుచుట కష్టమైనది. మేస్త్రి తిట్టి, మచ్చలు పోనిచో కూలి లేదన్నాడు.

ఆ రాత్రి ఎడమచేతితో అన్నము తినబోగా నాన్నగారు చూచినారు. ఏమైనదని అడిగినారు. అబద్ధము చెప్పబోయి చెప్పలేకపోయినాము. "ఆసిడ్ చేయి ఇది. నాకు తెలియదా బేటా?" అని మాత్రమే అన్నారు. మరునాడు ఫజర్ నమాజు తరువాత ఒక సంచి భుజాన వేసుకొని, "నడువు" అన్నారు. గోల్నాక నుంచి బస్సులో ఇద్దరమును పోతిమి. దారిలో మాకున్న చింత ఒక్కటే: విశ్వవిద్యాలయపు వాడెవడైనా ఎదురుపడునేమో అని.

నాన్నగారు పడవ చుట్టును ఒకమారు తిరిగినారు. తడి వ్రేలితో గొట్టమును రాచి చూచినారు. తరువాత వారు చెప్పిన మాటను మేము మా తెలుగులో ఇట్లు వ్రాయుచున్నాము. "వెనుక ఒకసారి సిల్వరు గిన్నెకు కళాయి వేసి చూద్దామని పంతం పట్టినాను. తామరాకు మీద నీళ్ళలాగా తగరం దొర్లిపోయింది గాని అంటలేదు. దీని ఒంటిమీద ఏదో ఉన్నది, అది ఇంకొకరిని అంటనివ్వదు అనుకున్నాను. రాగికి మనం వేస్తాం కళాయి. ఇది తన కళాయి తానే వేసుకుంటుంది. నీవు నిన్న ఆ కళాయినే ఊడబీకినావు."

తరువాత రసాయనశాస్త్ర విభాగపు మిత్రుని అడుగగా, మా నాన్నగారు చెప్పినది అక్షరాల నిజమని తెలిసినది. అల్యూమినియం గాలి తగిలిన తక్షణమే ప్రాణవాయువుతో కలిసి తనమీద ఒక ఆక్సైడు పొరను కప్పుకొనును. దాని మందము కొద్ది నానోమీటర్లు, అనగా కంటికి కానరానిది. ఆ పొరయే లోపలి లోహమును కాపాడును. ఆ పొరయే తగరమును అంటనీయదు. ఆమ్ల, క్షార గుణములు మధ్యస్థముగా ఉన్న నీటిలో, సుమారు పీహెచ్ 4 నుండి 8.5 వరకు, అది నిలుచును. ఘాటైన ఆసిడ్ గాని, చాకలి సోడా వంటి క్షారము గాని తగిలినచో కరిగిపోవును. అప్పుడు లోహము నగ్నముగా నిలిచి తానే తినబడును. మేము చూచిన నురుగు ఆ తినబడుటలో పుట్టిన ఉదజని వాయువు. మెరుపు కొరకు అమ్ము కొన్ని ద్రావకములలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లము కూడ ఉండును. అది మరీ ప్రమాదకరము. మొదట నొప్పి తెలియనీయకనే చర్మములోనికి ఇంకి ఎముక వరకు పోవును. మా చేతికి అది తగులకపోవుట మా అదృష్టము.

ఆనాటి పని పద్ధతి ఇక్కడ వివరముగా చెప్పెదము. పడవ కడుగువారు మనలో కొద్దిమందియే కావచ్చును. సిల్వరు గిన్నె తోమని ఇల్లు లేదు గదా.

నాన్నగారు ముందుగా ఉక్కుపీచును దూరముగా విసరివేసినారు. దాని ఇనుప రవ్వలు మెత్తని లోహములో దిగి, తుప్పు పట్టి, చుట్టును గుంటలు చేయును. తరువాత ఎండ ఎక్కకముందే, గొట్టము చల్లగా ఉండగనే, పుష్కలముగా నీరు పోసి మెత్తని కుచ్చుతో పాచిని నానబెట్టి తీసినారు. పాచిని తడిగా ఉన్నప్పుడే తీయవలెను. ఎండినచో రాయి అగును. సబ్బునీటితో కడుగుట ఆ తరువాత. సున్నపు పొక్కులు మిగిలిన చోట మాత్రము పలుచని చింతపండు రసమును గుడ్డతో అద్దినారు. అది కూడ ముందు ఒక మూల చిన్న చోట పరీక్షించి చూచి, పిమ్మట క్రిందినుంచి పైకి అద్దుచు వచ్చినారు. పైనుంచి అద్దినచో జారిన చారలు నిలిచిపోవును. మేము చేసిన పొరపాటదియే. కొద్ది నిమిషములలోనే నీటితో కడిగివేసినారు. పులుపు కూడ పులుపే. ఎక్కువసేపు ఉంచినచో అదియు పొరను తినును. సిల్వరు గిన్నెలో పులుసు నిలువ ఉంచరాదని పెద్దలు చెప్పుటకు కారణమిదియే. చివరకు మెత్తని మెరుగు ముద్దను నూలు గుడ్డకు రాచి, ఒకే దిశగా, గంటల తరబడి రుద్దినారు. మేము ఎడమచేతితో రుద్దినాము. నీటిలో మునిగియుండు అడుగు భాగమునకు మెరుపు అక్కరలేదనిరి. పైకి కనబడు భాగమునకు మైనము పూత చాలునన్నారు. పలక క్రింద ఎవరో వదలిన రాగితీగ ముక్కను తీసి పారవేసినారు. తడిలో రాగియు అల్యూమినియమును తాకుచుండిన యెడల రెండవది క్షీణించునని శాస్త్రము చెప్పును. వారు మాత్రము, "రాగికి దీనికి పడదు. నా సంపాదన అడుగు, చెప్తుంది" అని నవ్వినారు.

మూడవనాటి మధ్యాహ్నమునకు చారలు చాలవరకు అణగిపోయినవి. అప్పుడు ఎడమ గొట్టపు అడుగున, అతుకు దగ్గర, ఒకచోట ఎంత తుడిచినను చెమ్మ తిరిగి వచ్చుచుండెను. నాన్నగారు కుండను పరీక్షించినట్లు వ్రేలి కణుపుతో గొట్టమంతటను కొట్టుచు వచ్చినారు. అంతటను ఖంగుమన్నది, అక్కడ మాత్రము మందముగా మ్రోగినది. పాచి తీసిన చోట వెంట్రుకవంటి పగులు కనబడినది. లోపల నీరున్నది.

ఇక్కడ మా మనస్సులో కలిగిన ఆలోచనను దాచక చెప్పవలసియున్నది. "అబ్బా, అది మన పని కాదు" అన్నాము. రుసుము కట్టుటకు గడువు రెండు దినములే ఉన్నది. పడవ మెరయుచున్నది. మరునాడు కూలి చేతికి వచ్చును. ఆ పగులును మేము చూడలేదనుకొన్నచో ఏమి పోవును? గొట్టములో అడ్డుగోడలుండి గదులుగా విభజింపబడియుండును గనుక, ఒక గదిలో నీరు చేరినంత మాత్రమున పడవ మునుగదని తర్కము కూడ తోచినది. నిజమే, మునుగదు. ఒక ప్రక్కకు ఒరుగును. ఒరిగినపుడు ఎక్కినవారు బెదరి అటువైపే చేరినచో ఏమగునో ఆ చెరువు ఒడ్డున నిలిచినవారికి ఎవరును చెప్పనక్కరలేదు. 1990 మార్చిలో బుద్ధ విగ్రహమును తీసుకొనిపోవుచుండగా విగ్రహము అదే నీటిలో పడిపోయి కొందరు పనివారు ప్రాణములు కోల్పోయినారు. విగ్రహము 1992 డిసెంబరులో పైకి వచ్చినది. ఆ మనుష్యులు రాలేదు.

నాన్నగారు మావైపు చూచి అన్నారు: "గిన్నె బయట ఎంత మెరిసినా, లోపల గోరంత చోట కళాయి అంటకపోతే తినేవాడికి విషమే. అటువంటి గిన్నెను బాగుందని ఇచ్చిన రోజున మన చేతిమీద ఎవ్వరూ అన్నం తినరు." ఆ వెంటనే మేస్త్రిని పిలిచి పగులు చూపించినారు. అతడు మండిపడి, "మిమ్మల్ని తోమమన్నాం గాని పడవకు డాక్టరీ చేయమన్నామా?" అన్నాడు. పని ముగించి డబ్బు తీసుకొని పొమ్మన్నాడు. నాన్నగారు గుడ్డను మడిచి సంచిలో పెట్టుకొని, "అతుకు వేయించండి సాబ్, తరువాత మెరుగు పెడతాను" అని చెట్టు క్రింద కూర్చున్నారు. సాయంకాలము యజమాని వచ్చునంతవరకు కదలలేదు. మేము కొంత దూరముగా నిలిచినాము. దగ్గర నిలువలేకపోతిమి. అది మరొక సిగ్గు.

యజమాని వచ్చి, విని, గొట్టపు బిరడా తీయించినాడు. రెండు బకెట్లకు పైగా నల్లని నీరు కారినది. అతడేమియు అనలేదు. పడవ ఎక్కు కార్యక్రమము వాయిదా పడినది. అతుకు వేయువాడు వచ్చినాడు. మాకు మాత్రము, అనుకొన్న దినమునకు పని కాలేదన్న కారణముతో, మేస్త్రి చేతులమీదుగా సగము కూలియే అందినది. తక్కినదాని కొరకు నాన్నగారు ఒక పెండ్లి వంటవాని వద్ద డేగుల పని ఒప్పుకొన్నారు. మూడు రాత్రులు ఆయన కళాయి వేయగా, మేము ఎడమచేతితో తిత్తి ఊదినాము. అపరాధ రుసుముతో సహా పరీక్షకు డబ్బు కట్టినాము. ఆ రాత్రులలో నవసాగరపు పొగ నడుమ ఆయన దగ్గుచున్నపుడు, ఎన్ని సంవత్సరములుగా ఆ పొగ పీల్చి మమ్ము చదివించినారో మొదటిసారి లెక్క కట్టినాము.

నాన్నగారు 2018లో కాలము చేసినారు. 2020 అక్టోబరు వరదలలో మూసీ పొంగి మూసారాంబాగ్ వంతెన మునిగినది. పడవలు నగర వీధులలోనికి వచ్చి జనమును ఎక్కించుకొని పోయినవి. 1908 సెప్టెంబరు వరదను గూర్చి, ఆ నీటిలో తల్లిని, భార్యను, బిడ్డను పోగొట్టుకొన్న కవి అమ్జద్ హైదరాబాదీని గూర్చి మన ఉర్దూ విభాగపు విద్యార్థులకు తెలియును. ఆ వరదలో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు నూట యాభైమందిని తన కొమ్మలలో కాపాడినది. 2020లో ఎత్తైన మేడ మీదినుంచి ఆ పడవలను చూచుచు, వాటిని ఎవరు కడిగియుందురు, కడిగినవాడు అతుకులు చూచియుండునా అని అనుకొన్నాము. తోమువాని చేయి తగలని అతుకును మరి ఎవరు చూడగలరు?

విద్యార్థులారా, మెరుపును మేము తక్కువ చేయుట లేదు. మీరు ధరించు పట్టము మెరయవలసినదే. అయితే పైనుంచి పూసిన మెరుపు వేరు, లోపలి గుణముచేత తనంత తాను ఏర్పడు పొర వేరు. తొందరపడి ఆ రెండవదానిని ఆసిడ్ పోసి ఊడబీకి, మొదటిది సంపాదించితిమని మేము ఒక దినమంతయు సంతోషించినాము. "వ్యాపారము" అని వ్రాసిన నాడు మేము చేసినదియు ఆ పనియే.

ఆ విద్యార్థికి ఈ కథ అంతయు చెప్పలేదు. మీ నాన్నగారినే అడిగి వ్రాసుకొని రమ్మన్నాము. మరునాడు అతడు దరఖాస్తును కవరులో మూసి తెచ్చి ఇచ్చినాడు. ఏమి వ్రాసినాడో మేము చూడలేదు.

ఎం.ఏ. ముగిసిన పిమ్మట మేము ఎన్నియో దరఖాస్తులు నింపినాము. తండ్రి పేరును అడిగినవి గాని, తండ్రి వృత్తిని అడిగినది ఒక్కటియు లేదు. ఆ గడి మాకు మరల దొరకలేదు. అందుచేత ఆలస్యముగానైనను, అపరాధ రుసుముతోనైనను, ఈ పత్రికలో దానిని నింపుచున్నాము. తండ్రి వృత్తి: కళాయి వేయుట. నివాసము: గోల్నాక.